‘పుస్తకాన్ని సినిమా చంపేస్తుంది’ అనేవాళ్ళకు కడప నుంచి జవాబు

కడప, ప్రొద్దుటూరు సాహిత్య మిత్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డు తెగ తిరుగుతోంది. రాసిందెవరో తెలీదు. పంపేవాళ్ళంతా తమ సొంత మాటే అన్నట్టు పంపుతున్నారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: “పుస్తకం కంటే బాగున్న సినిమా ఇంతవరకు పుట్టలేదు. ఉన్నది ఉన్నట్టు తీస్తేనే న్యాయం, మార్చిన ప్రతి సీనూ రచయితకు ద్రోహం. రచయితనే డైరెక్టర్‌ని చేస్తే ఈ గొడవే ఉండదు. అయినా తెలుగులో నవలా సినిమాలు ఆడవు. ఆడినా, సినిమా చూసినోడు మళ్ళీ పుస్తకం ముట్టడు. నమ్మకం లేకుంటే మన కొండపొలం చూడండి.” కింద ఏడుపు బొమ్మలు మూడు.

ఆ చివరి వాక్యం లేకపోతే చదివి వదిలేసేవాణ్ణి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ మా జిల్లా రచయిత నవల. 2019 తానా నవలల పోటీలో బహుమతి తెచ్చుకుంది. కరువొచ్చినప్పుడు గొర్రెల మందలను తోలుకుని నల్లమలకు పోయే కాపరుల కథ. క్రిష్ దాన్ని 2021లో సినిమాగా తీశాడు. అందులో నాకు నచ్చని సంగతులున్నాయి, చెప్తాను. కానీ ఆ ఒక్క సినిమాను సాక్షిగా నిలబెట్టి పై అయిదు మాటలనూ రుజువు చేశామనుకుంటే మాత్రం ఊరుకోలేను. అయిదూ తప్పే. కొన్ని కొంచెం తప్పు, కొన్ని పూర్తిగా.

మొదటి మాట: పుస్తకం కంటే బాగున్న సినిమా లేదు.

పులివెందుల దగ్గరి కొత్తపల్లెలో పుట్టిన బి.ఎన్.రెడ్డి ‘మల్లీశ్వరి’ (1951) చూడనివాళ్ళు ఆ గ్రూపుల్లో ఉండరు. దానికి మూలాలు ఏమిటని అడిగితే ఎంతమంది చెప్తారు? బుచ్చిబాబు రాసిన ‘రాయలవారి కరుణకృత్యము’ అనే చిన్న రచన ఒకటి, దేవన్ షరార్ ఇంగ్లీషులో రాసిన చిన్న రచన ఇంకొకటి. ఆ రెండూ కలిపినా ఒక పూట చదువుకు చాలవు. దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలూ పాటలూ, భానుమతి గొంతూ తోడై అది ఏ స్థాయికి పోయిందో అందరికీ తెలుసు. “మల్లీశ్వరి బాగుంది గానీ కథలో ఉన్నంత లేదబ్బా” అన్న మనిషి నాకింతవరకు తగల్లేదు.

ఆ బి.ఎన్.రెడ్డే ‘బంగారు పాప’ తీశాడు. మూలం జార్జ్ ఎలియట్ 1861లో రాసిన ‘సైలస్ మార్నర్’. ఇంగ్లండు పల్లెలో ఒంటరి నేతగాడి కథ అది. ఆ మనిషి మన పల్లెకొచ్చి ఎస్వీ రంగారావు కోటయ్య అయ్యాడు. రంగారావు నటనలో దానికి పెద్దపీట వేసేవాళ్ళు చాలామంది, నేనూ వాళ్ళలో ఒకణ్ణి. ఇక్కడా పుస్తకమే గొప్పదని వాదించేవాళ్ళు లేరు. ఎందుకంటే ఆ పుస్తకం చదివినవాళ్ళు తక్కువ.

అసలు మెలిక ఇక్కడే ఉంది. పుస్తకం మనం ముందే చదివి, ప్రేమించి ఉంటేనే పోలిక మొదలుపెడతాం. మనం చదవని కథల నుంచి వచ్చిన మంచి సినిమాలు పోలికకే రావు, వాటిని మామూలు మంచి సినిమాల లెక్కలో వేసేస్తాం. ఓడిపోయినవాటినే లెక్కపెట్టి, గెలిచిన సినిమా ఒక్కటీ లేదంటున్నారు.

కొన్నిచోట్ల పుస్తకమే పైచేయి, కాదనను. ‘కన్యాశుల్కం’ నాటకం ముందు 1955 నాటి సినిమా నిలబడదు. ఎన్టీఆర్ గిరీశం, సావిత్రి మధురవాణి, ఇంతకన్నా ఎవరిని తెస్తాం? అయినా నిలబడదు. గురజాడ 1909 ప్రతిలో ఆస్తంతా మాటల్లో ఉంది. మనుషులు మాట్లాడుతూనే ఉంటారు, ఆ మాటల్లోనే వాళ్ళ గుట్టంతా బయటపడుతుంది. సినిమా నిడివికి వాటిని కోయక తప్పదు, కోస్తే రక్తం కారక తప్పదు. అది ఆ ఒక్క రచన స్వభావం. దాన్ని తెచ్చి అన్ని పుస్తకాలకూ కట్టకూడదు.

రెండో మాట: ఉన్నది ఉన్నట్టు తీయాలి, మార్పంటే ద్రోహం. ఫార్వర్డుకు వెన్నెముక ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చుందాం.

ముందు మామూలు లెక్క. స్క్రిప్టులో ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషం అంటారు. రెండున్నర గంటల సినిమాకు నూటయాభై పేజీలు. అవీ మన నవల పేజీల్లా నిండుగా ఉండవు, సగం ఖాళీ. మూడొందల పేజీల నవలను ఉన్నది ఉన్నట్టు తీయాలంటే జనాన్ని పొద్దున హాల్లో కూర్చోబెట్టి రాత్రి వదలాలి. కాబట్టి కోత ఖాయం. ఏది కోశారు, కోసినచోట ఏం పెట్టారు, అక్కడే ప్రశ్న.

సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ని అందరూ దండం పెట్టి చూస్తారు. బిభూతిభూషణ్ నవలలో ముసలి ఇందిర్ కథ మొదట్లోనే అయిపోతుంది, అపు అప్పటికి పసిబిడ్డ. సినిమాలో ఆమెను రాయ్ చాలాదూరం బతికించాడు. చివరికి వెదురు పొదల దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే పోయిన ఆమెను దుర్గ, అపు చూస్తారు. చావును పిల్లలు మొదటిసారి ముట్టుకోవడం అది. రైలు సంగతీ అంతే. నవలలో దుర్గ రైలు చూడకుండానే పోతుంది, చూపిస్తావా అని తమ్ముణ్ణి అడిగి మరీ పోతుంది. సినిమాలో అక్కాతమ్ముడు రెల్లుపూల మధ్య పరిగెత్తుతారు, రైలు వస్తుంది. ఫార్వర్డు లెక్కలో ఇవి రెండు ద్రోహాలు. పోనీ, ఆ రెండూ తీసేసి చూడండి ఏం మిగులుతుందో.

మన ఇంటి ఉదాహరణే కావాలంటే తాడిపత్రి కె.వి.రెడ్డి ఉన్నాడు. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు. ‘మాయాబజార్’లో శశిరేఖే కథ, పాండవులు అయిదుగురూ తెర మీద కనిపించనే కనిపించరు. పాండవులు లేని భారత కథను అనంతపురం జిల్లావాడు తీస్తే అరవై ఏళ్ళు దాటినా చూస్తున్నామే, ఆ రోజు ఈ ద్రోహం మాట ఎవరికీ గుర్తురాలేదేం?

‘మా భూమి’ సంగతి ఇంకా పెద్దది. కృషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ జైల్లో నడుస్తుంది. తెల్లారితే ఉరి. ఆ రాత్రి రాఘవరావు తన బతుకంతా తలుచుకుంటాడు. గౌతమ్ ఘోష్, బి.నర్సింగరావు ఆ జైలు గదినే పక్కన పెట్టేశారు. రామయ్య అనే పల్లె పిల్లవాడితో కథ ఎత్తుకుని వరసగా పోరాటం దాకా తీసుకుపోయారు. ‘పల్లెటూరి పిల్లగాడా’, ‘బండెనక బండి గట్టి’ నవలలో ఉన్నవి కావు, తెలంగాణ పల్లెల నోళ్ళలోంచి వచ్చినవి. నవలలో ఒక మనిషి జ్ఞాపకంగా ఉన్నది సినిమాలో ఊరందరి కథ అయింది. పేరు మారింది, వరస మారింది, చెప్పే తీరు మారింది. పుస్తకంలోని కోపం మాత్రం చుక్క కూడా తగ్గలేదు.

శ్రీరమణ ‘మిథునం’ దగ్గరికొస్తే వాదన ఇంకా తేలికవుతుంది. ఒకే కథ, రెండు సినిమాలు. కథలో అప్పదాసు, బుచ్చిలక్ష్మిలను దగ్గరుండి చూసి మనకు చెప్పే మనిషి ఒకడుంటాడు. 2012లో తనికెళ్ళ భరణి ఆ మనిషిని కూడా తీసేశాడు. తెర మీద ఇద్దరే, బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి. అంతకుముందే, 2000లో, ఎం.టి.వాసుదేవన్ నాయర్ ఇదే కథను మలయాళంలో ‘ఒరు చెరు పుంచిరి’గా తీశాడు. ఆయన ఆ ఇంట్లోకి పిల్లల్ని, మనవల్ని, ఇరుగుపొరుగును అందరినీ తెచ్చాడు. ఒకరు మనుషుల్ని తగ్గించారు, ఇంకొకరు పెంచారు. ఉన్నది ఉన్నట్టు ఇద్దరూ తీయలేదు. ముసలి దంపతుల మధ్య ఆ చిలిపి కయ్యాలు, ఆ పెరటి ప్రేమ రెండు చోట్లా ఉన్నాయి. నాకు మలయాళంది ఒక పిసరు ఎక్కువ నచ్చింది. మన సినిమాలో తిండి గురించి ఎంత చెప్పారంటే మధ్యలో లేచి వంటింట్లోకి పోవాలనిపించింది. దాన్ని తిట్టు అనుకోకండి.

మరి ‘దేవదాసు’ (1953)? శరత్ బెంగాలీలో దేవదాసు కూలిపోవడాన్ని కథకుడి గొంతుతో చెప్తాడు. వేదాంతం రాఘవయ్య తీసినప్పుడు ఆ గొంతు పని పాటలు చేశాయి. ‘జగమే మాయ’, ‘కుడి ఎడమైతే’ శరత్ రాసినవి కావు. అవి బయటి నుంచి వచ్చి నవల పనినే అందుకున్నాయి.

ఇప్పుడు కొండపొలం. నవలలో రవి చదువుకుని ఉద్యోగం దొరక్క ఊరికొచ్చిన కుర్రాడు. తండ్రి వెంట, పెద్ద కాపరుల వెంట నల్లమలకు పోతాడు. పులి భయం, దాహం, దొంగలు, మందలో ఒక్కో గొర్రె గుణం, చెట్టూ పుట్టా పేర్లు, వీటన్నిటి మధ్య పిరికివాడు కాస్తా గట్టిపడతాడు. వాణ్ణి తయారుచేసేది అడవి. సినిమాలో ఓబులమ్మ వచ్చింది. రకుల్ ప్రీత్ సింగ్ వేసిన ఆ పాత్ర నవలలో లేదు. సినిమా చూసొచ్చాక మా వీధిలో గొర్రెలున్న ఇంటాయన ఒకాయన నాతో అన్నమాట ఇది: “గొర్రెలు బాగుండాయి సామీ. పులీ బాగుంది. ఆ పాప కొండలో మాతో పాటు ఎప్పుడొచ్చిందో మాకే తెలీలా.”

ఆయన నవల చదవలేదు. అయినా లోపాన్ని సరిగ్గా పట్టుకున్నాడు. ఓబులమ్మను కొత్తగా కలిపినందుకు కాదు నా అభ్యంతరం. కలపడమే తప్పయితే దేవదాసు పాటలూ తప్పే, ఇందిర్ చావూ తప్పే. రవికి ధైర్యం ఇచ్చే పనిలో కొంత అడవి నుంచి తీసి ఆ పిల్ల చేతికిచ్చారు. ఆమె మాట్లాడుతున్నంతసేపూ అడవి వెనకున్న పరదా అయిపోయింది. నవలకు ఆయువుపట్టే అది. సినిమాలో ఆ పిల్ల తప్పుకున్న చోటల్లా, అంటే కాపరులు రాత్రి మందను కాసుకునే సీన్లలో, సాయిచంద్ తండ్రిగా కళ్ళతోనే కొడుకును అంచనా వేసే సీన్లలో, నవల ఊపిరి వినిపిస్తుంది. (ఈ సాయిచందే ‘మా భూమి’లో రామయ్య. నవలలోంచి వచ్చిన రైతుకుర్రాడిగా మొదలై, నలభై ఏళ్ళకు నవలలోంచి వచ్చిన కాపరి తండ్రి దాకా వచ్చాడు.)

నల్లమలలో తీయలేదు, వికారాబాద్ అడవుల్లో తీశారు అనేది మావాళ్ళ ఇంకో ఫిర్యాదు. కాపరి కళ్ళకు చెట్టు తేడా తెలుస్తుంది, నిజమే. కానీ అవి కోవిడ్ రోజులు. పైగా నల్లమలలో పెద్ద భాగం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. వందమంది యూనిట్‌ను, లైట్లను, జనరేటర్లను అందులోకి తోలమని అడిగేవాళ్ళు ముందు గొర్రెలను తోలనిస్తున్నారేమో ఫారెస్టువాళ్ళను అడిగి రండి. ఈ లోపాన్ని నేను సులభంగానే క్షమిస్తాను. ఓబులమ్మను క్షమించడానికే టైం పడుతోంది.

మూడో మాట: రచయితనే డైరెక్టర్‌ను చేస్తే సరి. దీనికి యండమూరి వీరేంద్రనాథ్ ఒక్కడు చాలు. ‘అభిలాష’ (1983) ఆయన నవల, తీసింది ఎ.కోదండరామిరెడ్డి, బ్రహ్మాండంగా ఆడింది. మరుసటి ఏడు ‘ఛాలెంజ్’ కూడా ఆయన ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’ నుంచే, డైరెక్టరూ మళ్ళీ కోదండరామిరెడ్డే. రెండింట్లోనూ హీరో చిరంజీవే. తర్వాత 1991లో తన నవల ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’ను యండమూరి స్వయంగా డైరెక్ట్ చేశాడు. హీరో అదే చిరంజీవి. ఆడలేదు. రాసినవాడికి తన నవల ప్రతి మూలా తెలుసు, అదే ఒక్కోసారి ఇబ్బంది. ఏ గోడ పడగొట్టాలో తెలియాలంటే ఇంటిని బయటి నుంచి కూడా చూసి ఉండాలి.

అలాగని రచయితలు డైరెక్షన్‌కు పనికిరారని తిరగేసి చెప్పినా తప్పే. ఇందాకటి ఎం.టి. తన సొంత కథ నుంచే 1973లో ‘నిర్మాల్యం’ తీసి జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు తెచ్చాడు. ఈ విషయంలో సూత్రమంటూ ఏదీ లేదు. ఫార్వర్డులకు సూత్రాలు కావాలి, అదీ ఇబ్బంది.

నాలుగో మాట: తెలుగులో నవలా సినిమాలు ఆడవు. ఇది రాసిన మనిషి 1995 తర్వాత పుట్టి ఉండాలి. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ నుంచి వచ్చిన ‘డాక్టర్ చక్రవర్తి’ (1964) మొదటి ఏడాది నంది అవార్డుల్లో ఉత్తమ చిత్రం. ఆమె నవల నుంచే వచ్చిన ‘ప్రేమనగర్’ (1971) డి.రామానాయుడి నిర్మాణ సంస్థను నిలబెట్టిన సినిమా. తమిళంలో, హిందీలో మళ్ళీ తీశారు. యద్దనపూడి సులోచనారాణి ‘మీనా’, ‘జీవన తరంగాలు’, ‘సెక్రటరీ’ అన్నీ డెబ్భైల్లోనే తెరకెక్కాయి. ఆ కాలంలో మా అమ్మ వయసువాళ్ళు హీరో కోసం కాదు, నవలలోని రాజశేఖరాన్ని ఎవరు వేశారో చూడ్డానికి ‘సెక్రటరీ’కి పోయారు. ఎనభైల్లో యండమూరి హవా సరేసరి.

ఆగిపోవడానికి కారణం సినిమావాళ్ళకు నవలలంటే అలర్జీ రావడం కాదు. సీరియల్ నవల వారపత్రికలో ఏడాదిపాటు నడిచేది. బస్టాండు పుస్తకాల కొట్లో, అద్దె లైబ్రరీలో జనం దాని కోసం కొట్టుకునేవాళ్ళు. నిర్మాత ఆ గోల చూసి హక్కులు కొనేవాడు. అంటే కథ జనానికి పడుతుందో లేదో అతనికి ముందే తెలిసిపోయేది. తొంభైల్లో టీవీ సీరియళ్ళు ఆ పాఠకురాలినే తీసుకుపోయాయి. వారపత్రికలు పలచబడ్డాయి. ముందే తేలిన కథ దొరకనప్పుడు నిర్మాత పుస్తకాల కొట్టుకు ఎందుకు పోతాడు? రీమేక్ హక్కులు కొనుక్కోవడానికి చెన్నైకి పోయాడు. అక్కడ ఆడిన సినిమానే ముందే తేలిన కథ.

అయినా పూర్తిగా ఆగలేదు. చలం కథ ‘దోషగుణం’ నుంచి మోహనకృష్ణ ఇంద్రగంటి మొదటి సినిమా ‘గ్రహణం’ వచ్చింది, జాతీయ అవార్డు తెచ్చింది. ఆయనే 2011లో హరిమోహన్ పారువు ఇంగ్లీషు నవల నుంచి ‘గోల్కొండ హైస్కూల్’ తీశాడు.

అయిదో మాట: సినిమా చూసినోడు పుస్తకం ముట్టడు. నా దగ్గరున్న కొండపొలం కాపీ సినిమా వచ్చిన తర్వాతే ఇల్లు దాటింది. ఎవరి దగ్గర ఉందో తెలుసు, అడగడానికి మొహమాటం. ఈ మాటకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

సినిమా మన పుస్తకాలకు అన్యాయం చేస్తోందన్న బాధ మాత్రం నాకూ ఉంది. కానీ ఆ అన్యాయం ఎక్కడుందో ఫార్వర్డు రాసినాయన చూడలేదు. 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చింది. ఆ తర్వాత ‘ఇంద్ర’, ఇంకా వరసపెట్టి ఎన్నో. సుమోలు, వేటకొడవళ్ళు, కర్నూలు కొండారెడ్డి బురుజు. రాయలసీమ అంటే దేశమంతటికీ అదే అయిపోయింది. ఆ పెద్ద సినిమాల వెనక సీమ నవల ఒక్కటీ లేదు. అవన్నీ సినిమా కోసమే అల్లిన కథలు. అంతకుముందే కేతు విశ్వనాథరెడ్డి ఇక్కడి రైతుల మీద, పల్లెల్లోకి వచ్చిన మార్పుల మీద రాసిన కథలకు సాహిత్య అకాడమీ అవార్డు ఉంది. సింగమనేని నారాయణ వేరుసెనగ సేద్యాన్ని ‘జూదం’ అని పేరు పెట్టి మరీ రాశాడు. చిలుకూరి దేవపుత్ర నవల ‘పంచమం’ ఉంది. ఇవేవీ సినిమావాళ్ళు పాడుచేయలేదు. ముట్టుకుంటే కదా పాడుచేయడానికి.

ఈ లెక్కలో చూస్తే క్రిష్ చేసింది చిన్న పని కాదు. సీమ నవలలో ఫ్యాక్షన్ కాకుండా గొర్రెలు, కరువు, తండ్రీకొడుకులు ఉన్నారని పెద్ద తెర మీద చూపించాడు. ఒక పాత్ర దగ్గర తప్పటడుగు వేశాడు. ఆ ఒక్క కారణంతో మనమే “చూశారా, నవలలు తీయకూడదు” అని ఊరంతా చాటితే తర్వాతి నిర్మాత హాయిగా మళ్ళీ సుమోలు తెప్పించుకుంటాడు.

నన్నడిగితే తర్వాత తీయాల్సింది బండి నారాయణస్వామి ‘శప్తభూమి’. హండే రాజుల కాలపు అనంతపురం, పద్దెనిమిదో శతాబ్దం, 2019 సాహిత్య అకాడమీ అవార్డు. ఎన్ని కులాలు, ఎన్ని ఊళ్ళు, ఎంతమంది మనుషులో అందులో. ఎవరు తీసినా సగం పాత్రలు పోతాయి, రెండు మూడు కథలు ఒకటవుతాయి, యుద్ధం సీన్లు పెరుగుతాయి. హీరోయిన్‌ను ఇరికిస్తారేమో కూడా. అప్పుడు ఏ పాత్ర పోయింది, దాని పని ఎవరికిచ్చారు అని మళ్ళీ కొట్లాడుకుందాం. నేను రెడీ.